తిరుపతిలో ఒక పిల్లల ఈఎన్‌టీ క్లినిక్: చెవి చూసే తీరుకు ఫుల్ మార్కులు, సౌండ్ రూముకు సున్నా

పేరు రాస్తే ప్రకటన అంటారు, లోపం రాస్తే తగవుకొస్తారు. అందుకే పేరు జోలికి పోవడం లేదు. తిరుపతి ఆర్టీసీ బస్టాండు నుంచి ఆటోలో పది నిమిషాలు, కింద మందుల షాపు, మేడ మీద క్లినిక్. ఊళ్ళో ఈ మాదిరివి ఇంకా ఉన్నాయి. ఇక్కడ దేన్ని మెచ్చుకున్నామో, దేన్ని తప్పుబట్టామో చూసుకుంటే మీరు వెళ్ళే చోటును కూడా అదే తక్కెడలో తూయొచ్చు.

ముందే తేల్చి చెప్పాలంటే, నెలల తరబడి రొంప వదలని బిడ్డకు, నోరు తెరిచి గురక పెట్టే బిడ్డకు, పిలిస్తే పలక్కుండా టీవీ సౌండు పెంచే బిడ్డకు ఇది మంచి చోటు. శనక్కాయ గింజ ఊపిరి గొట్టంలోకి పోయిన పిల్లోడిని ఎత్తుకుని పరిగెత్తాల్సిన చోటు మాత్రం కాదు. ఆ సంగతి కింద విడిగా ఉంది.

టోకెన్ల వ్యవహారం మామూలే. ఉదయం తొలి గంటలో వెళితే తొందరగా అయిపోతుంది. పీలేరు, పుత్తూరు, శ్రీకాళహస్తి బస్సులు దిగినవాళ్ళు చేరాక హాలు నిండుతుంది, సాయంత్రం బడి వదిలాక ఇక చెప్పక్కర్లేదు. నిద్ర ముంచుకొచ్చే వేళకు బిడ్డను లోపలికి తీసుకెళితే పరీక్ష సగమే జరుగుతుంది. ఆ వేళ చూసుకుని టోకెను తీసుకోండి.

ఈ క్లినిక్‌కు అసలు మార్కులు పడేది చెవిలో చూసే తీరుకు. బిడ్డను బల్ల మీద పడేసి నలుగురు అదిమిపట్టే పద్ధతి ఇక్కడ లేదు. తల్లి ఒళ్ళోనే పక్కకు తిప్పి కూర్చోబెడతారు. బిడ్డ కాళ్ళు తల్లి మోకాళ్ళ మధ్య ఉంటాయి. తల్లి ఒక చెయ్యి బిడ్డ రెండు చేతుల మీదుగా వెళుతుంది, ఇంకో చెయ్యి బిడ్డ నుదుటి మీద ఉండి తలను తన ఎదకు ఆనించి పెడుతుంది. డాక్టరు ఓటోస్కోపును, అంటే చెవిలోకి చూసే లైటు పరికరాన్ని, పెన్ను పట్టుకున్నట్టు పట్టుకుని చిటికెన వేలు బిడ్డ చెంపకు ఆనిస్తారు. బిడ్డ ఉలిక్కిపడి తల తిప్పినా ఆ చెయ్యి తలతోపాటే కదులుతుంది, మొన లోపల గుచ్చుకోదు. ఈ చిటికెన వేలు ఒక్కటి చూస్తే చాలు, ఆ చెయ్యి పిల్లలకు అలవాటైన చెయ్యో కాదో తెలిసిపోతుంది. మూడేళ్ళలోపు బిడ్డకు చెవి డొప్పను వెనక్కి, కిందికి లాగి చూస్తారు, పెద్ద పిల్లలకు వెనక్కి, పైకి. చెవి గొట్టం వంపు వయసుతో మారుతుంది కాబట్టి ఈ తేడా. తప్పుగా లాగితే కనిపించేది గోడే, కర్ణభేరి కాదు.

ఇంకో మెచ్చుకోవాల్సిన సంగతి, ఎరుపును చూసి బెదరరు. ఏడ్చిన బిడ్డ కర్ణభేరి ఎర్రగానే ఉంటుంది, జ్వరం ఉన్నా అంతే. ఎరుపు కనబడగానే ‘ఇన్‌ఫెక్షన్’ అని యాంటిబయాటిక్ రాసి పంపడం తేలిక పని. ఇక్కడ చూసేది ఉబ్బును. లోపల చీము పట్టిన కర్ణభేరి పొర చుట్టూ పొంగి, మధ్యలో నొక్కుపడి, అచ్చం గారెలా కనిపిస్తుంది. నీరు మాత్రమే నిలిచిన పొర అలా పొంగదు. మసకబారి, లోపలికి లాక్కుపోయి, ఒక్కోసారి తేనె రంగులో ఉంటుంది, వెనక బుడగలు కూడా కనబడొచ్చు. అనుమానం ఉంటే చిన్న రబ్బరు బల్బుతో గాలి ఊదుతారు. మంచి పొర రెపరెపలాడుతుంది, వెనక నీళ్ళున్న పొర కదలదు. మొదటి రకానికి నొప్పి మందు, అవసరమైతే యాంటిబయాటిక్. రెండో రకానికి యాంటిబయాటిక్ పోసినా ఒరిగేది తక్కువ. ఈ రెండింటి మధ్య గీత గీయగలగడమే పిల్లల చెవి డాక్టరు పనిలో సగం.

గుబిలి విషయంలోనూ సంయమనం ఉంది. పొర కనబడకుండా అడ్డొస్తేనే తీస్తారు, లేకపోతే వదిలేస్తారు. గుబిలి మురికి కాదు, చెవి తనంతట తానే బయటికి నెట్టుకునే పూత. బడ్స్ పెట్టే ఇళ్ళలో అది లోపలికి దిగబడి గట్టిపడుతుంది. నీళ్ళు కొట్టి కడగాల్సి వస్తే ఆ నీళ్ళు ఒంటి వేడికి సమానంగా, 37 డిగ్రీల దగ్గర ఉండాలి. చల్లటివి కొడితే బిడ్డకు కళ్ళు తిరిగి వాంతి అవుతుంది. చెవి కారే బిడ్డకు, పొరకు చిల్లు ఉన్న బిడ్డకు నీళ్ళు అసలు కొట్టకూడదు. కారే చెవికి చుక్కలు రాసేటప్పుడు కూడా ఇక్కడ జాగ్రత్త కనిపించింది. పొరకు చిల్లుందని తెలిస్తే జెంటామైసిన్ లాంటివి కాకుండా సిప్రోఫ్లాక్సాసిన్ లేదా ఓఫ్లాక్సాసిన్ చుక్కలే రాస్తారు, ఎందుకంటే మొదటి రకం లోపలి చెవిని దెబ్బతీసే ప్రమాదం ఉంది. చుక్కల సీసాను రెండు నిమిషాలు అరచేతుల మధ్య వేడెక్కించి, బిడ్డను పక్కకు పడుకోబెట్టి, చుక్కలు వేశాక చెవి ముందరి చిన్న బుడిపెను నాలుగైదు సార్లు నొక్కి, అయిదు నిమిషాలు అలాగే ఉంచమని నర్సు చేసి చూపిస్తుంది. మొక్కు తీర్చడానికి కొండెక్కేవాళ్ళకు ఒక మాట అదనంగా చెబుతారు: పుష్కరిణిలో గానీ పాపవినాశనంలో గానీ ఈ బిడ్డ తల ముంచొద్దు, వాజెలిన్ రాసిన దూది చెవిలో పెట్టి ఒంటికి మాత్రమే పోయండి అని.

ఇక టింపనోమెట్రీ, అంటే కర్ణభేరి ఎంత కదులుతోందో, వెనక నీళ్ళున్నాయో లేదో యంత్రంతో చూసే పరీక్ష. ఒక రబ్బరు మొన చెవి ద్వారానికి ఆనిస్తారు, కొన్ని సెకన్లలో అయిపోతుంది, నొప్పి ఉండదు. బయటికొచ్చే చిన్న చీటీ మీద గీత కొండలా లేస్తే మంచిది, దాన్ని ఏ అంటారు. కొండ లేకుండా చదునుగా పోతే బీ. కొండ ఎడమకు జరిగితే సీ, అంటే మధ్య చెవిలో గాలి తగ్గిందని. అయితే చదును గీత ఒక్కటీ చూసి ‘నీళ్ళున్నాయి’ అనకూడదు. పక్కనే చెవి గొట్టం ఘనపరిమాణం అంకె ఉంటుంది. పిల్లల్లో అది సుమారు అర మిల్లీలీటరు నుంచి ఒక మిల్లీలీటరు దాకా ఉంటుంది. చదును గీతతోపాటు అంకె మామూలుగా ఉంటే నీళ్ళు. అంకె బాగా పెద్దదైతే పొరకు చిల్లు, లేదా పొరలో వేసిన గ్రోమెట్ అనే చిన్న గొట్టం తెరిచే ఉందని అర్థం. అంకె మరీ చిన్నదైతే గుబిలి అడ్డొచ్చింది, లేదా మొన గోడకు ఆనుకుంది, పరీక్ష మళ్ళీ చెయ్యాలి. ఇక్కడ చేసే అమ్మాయి ఆ అంకె తేడాగా ఉంటే తనే మొన సరిచేసి మళ్ళీ తీస్తుంది. ఆర్నెల్లలోపు పసివాళ్ళకు మామూలు 226 హెర్ట్జ్ శబ్దం పనికిరాదు, 1000 హెర్ట్జ్ వాడాలి. ఆ ఏర్పాటు కూడా ఉంది, అడిగితే చూపించారు.

నీళ్ళు ఉన్నాయని తేలాక ఏం చేస్తారన్నదే ఈ క్లినిక్ గుణం. మధ్య చెవిని ముక్కు వెనకభాగంతో కలిపే గొట్టం పెద్దవాళ్ళలో ఏటవాలుగా ఉంటుంది, పిల్లల్లో పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. రొంప చేసినప్పుడల్లా అది మూసుకుని వెనక జిగురు నీళ్ళు నిలుస్తాయి. చాలామందిలో మూడు నెలల్లో అవే పోతాయి. అందుకే వీళ్ళు చీటీ మీద తేదీ వేసి, మూడు నెలల తర్వాత మళ్ళీ రమ్మంటారు. ఈలోపు సిరప్‌లు రాయరు. తల్లిదండ్రులకు ఇది మింగుడుపడదు, ఫీజు కట్టి ఒట్టి చేతులతో పోతున్నామనిపిస్తుంది. కానీ చదువుకున్న వైద్యం అదే. ఈ నీళ్ళ వల్ల వినికిడి 25, 30 డెసిబెల్స్ మేరకు తగ్గొచ్చు, అంటే చెవిలో వేళ్ళు పెట్టుకుని విన్నట్టు. బడిలో మొదటి బెంచీలో కూర్చోబెట్టమని టీచరుకు చీటీ రాసిస్తారు, మందు కన్నా అది ఎక్కువ పనిచేస్తుంది. మూడు నెలలకు కూడా రెండు చెవులూ చదునుగానే ఉండి, వినికిడి తగ్గి, మాట వెనకబడితే అప్పుడు గ్రోమెట్. కర్ణభేరిలో చిన్న గాటు పెట్టి, మధ్యలో ఒక మిల్లీమీటరు రంధ్రం ఉన్న గొట్టాన్ని అమరుస్తారు. మత్తు ఇవ్వాలి గానీ పని నిమిషాల్లో అవుతుంది, ఆర్నెల్ల నుంచి ఏడాదిలోపు సాధారణంగా దానంతట అదే ఊడి వస్తుంది. అంగిలి చీలికతో పుట్టిన బిడ్డలకు, డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ళకు ఈ నిరీక్షణ లెక్క వేరు. వాళ్ళను మొదటి నుంచే దగ్గరగా చూస్తారు.

ఇప్పుడు సున్నా మార్కుల గది. వినికిడి పరీక్ష గది రోడ్డువైపు ఉంది. గోడలకు నురుగు షీట్లు అతికించారు, తలుపు మాత్రం మామూలు ప్లైవుడ్ది. కింద ఆటోల హారన్లు, బస్సుల డీజిల్ మోత. డీజిల్ మోత ఎక్కువగా కింది స్వరాల్లో ఉంటుంది, అంటే 250, 500 హెర్ట్జ్ దగ్గర. చెవిలో నీళ్ళున్న బిడ్డకు వినికిడి తగ్గేది కూడా ఎక్కువగా అక్కడే. కాబట్టి అసలు బాగానే వినిపించే బిడ్డకు కూడా ఈ గదిలో పదో పదిహేనో డెసిబెల్స్ నష్టం పడొచ్చు, ఆ కాగితం చూసి గ్రోమెట్ ఆలోచన కూడా రావొచ్చు. మూడేళ్ళ పిల్లలకు ఆట పరీక్ష చేస్తారు, సౌండు వినపడ్డప్పుడల్లా ఒక రింగు కడ్డీకి తొడగాలి. హారన్ మోగినప్పుడు కూడా బిడ్డ రింగు తొడుగుతుంది. పరీక్ష చేసే అమ్మాయికి ఈ సంగతి తెలుసు, పాపం అనుమానం వచ్చిన చోట మూడేసి సార్లు వినిపిస్తుంది, కానీ గది దోషం మనిషి కష్టంతో తీరేది కాదు. ఆడియోగ్రామ్ మీద, అంటే ఈ వినికిడి పరీక్ష కాగితం మీద, సర్జరీ ఆధారపడితే ఇక్కడి కాగితంతో ఆగకండి. నిశ్శబ్దం సరిగా ఉన్న గదిలో, పెద్దాసుపత్రి ఆడియాలజీ విభాగంలో ఇంకోసారి చేయించి రెండూ పక్కపక్కన పెట్టి చూపించండి. ఇక్కడ చేయించుకోక తప్పకపోతే రోడ్డు కాస్త నిద్రలో ఉండే తొలి టోకెనే మేలు.

ముక్కు వెనక పెరిగే కండ, అడినాయిడ్స్ కోసం పక్క నుంచి తీసే ఎక్స్‌రే రాస్తారు. అది తీసే తీరు మీద చాలా ఆధారపడి ఉంటుంది. బిడ్డ ఏడుస్తున్నా, నోరు తెరిచినా, మింగుతున్నా మెత్తటి అంగిలి పైకి లేచి, ఉన్న దారి కూడా మూసుకుపోయినట్టు నీడ పడుతుంది. నోరు మూసి, ముక్కుతో గాలి తీసుకునే క్షణంలో తీసిందే లెక్క. బయట ల్యాబులో తీయించుకొచ్చిన ఫిల్ములో నోరు తెరిచి ఉంటే ఈ డాక్టరు దాన్ని పక్కన పెట్టేస్తారు. కొందరికి కోపం వస్తుంది, న్యాయం డాక్టరుదే. ఎక్స్‌రే కన్నా ఎక్కువ విలువ ఇచ్చేది మీ ఫోన్ వీడియోకు. రాత్రి నిద్రలో బిడ్డ చొక్కా తీసి, ఎద కనబడేలా, ఒకటి రెండు నిమిషాలు తీయాలి. గురక మధ్యలో ఊపిరి ఆగి, ఎద లోపలికి గుంజుకుని, తర్వాత ఒక్కసారి గుటకేసినట్టు లేస్తే, ఆ వీడియోనే సగం నిర్ధారణ. మెడ వెనక్కి విరిచి పడుకోవడం, చెమటలు, మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలవడం కూడా చెప్పండి.

అడినాయిడ్స్‌కు సర్జరీ కన్నా ముందు ముక్కులో కొట్టే స్ప్రే ఇస్తారు, మొమెటసోన్ లాంటిది, ఒక నొక్కుకు 50 మైక్రోగ్రాములు. అది వాడే తీరు నేర్పడానికి నర్సు తీసుకునే అయిదు నిమిషాలు ఈ క్లినిక్‌లో దొరికే విలువైన సరుకు. కొత్త సీసాను కుదిపి, గాలిలోకి పది సార్లు నొక్కి సన్నటి పొగ వచ్చేదాకా చూడాలి. వారం పైగా వాడకుండా ఉంటే మళ్ళీ రెండు నొక్కులు వృథాగా వదలాలి. ముందు ఉప్పునీళ్ళ చుక్కలతో ముక్కు శుభ్రం చేసి, పది నిమిషాలు ఆగాలి. బిడ్డ తల కాస్త ముందుకు వంచాలి, వెనక్కి కాదు. కుడి చేత్తో ఎడమ ముక్కుకు, ఎడమ చేత్తో కుడి ముక్కుకు కొట్టాలి. అలా చేస్తే మొన తనంతట తానే బయటి గోడవైపు, అంటే చెవివైపు తిరుగుతుంది. మధ్య దూలానికి ఎదురుగా కొడితే అక్కడ పొర ఎండి నెత్తురొస్తుంది. గొంతులో చేదు తగిలిందంటే తల వెనక్కి వాలిందనో గట్టిగా పీల్చాడనో అర్థం. రెండు రోజులు కొట్టి ‘పనిచెయ్యలే’ అని మానేసేవాళ్ళే ఎక్కువ. దీని గుణం తెలియడానికి వారాలు పడుతుంది. ముక్కు దిబ్బడ వెంటనే వదిలించే జైలోమెటజోలిన్ చుక్కలు వేరే, వాటిని దీంతో కలపొద్దు. పిల్లలది 0.05 శాతం, పెద్దలది 0.1 శాతం, ఏదైనా అయిదు రోజులు దాటితే దిబ్బడ తిరగబెడుతుంది.

దగ్గు, జలుబు సిరప్‌ల విషయంలో చెయ్యి బిగించే ఉంటుంది. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిపిన సిరప్ నాలుగేళ్ళలోపు పిల్లలకు వద్దని 2023 డిసెంబరులో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ చెప్పింది. అయినా పాత సీసాలు ఇళ్ళలో ఉంటాయి, నర్సు అడిగి మరీ పారేయిస్తుంది. ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది జలుబులు చిన్నపిల్లలకు మామూలే, బడిలో చేరిన మొదటి ఏడు ఇంకా ఎక్కువ అని గోడ మీద తెలుగులో రాసి పెట్టారు. చాలా బాగుంది.

మందుల చీటీ దగ్గరకొచ్చేసరికి ఆ శ్రద్ధ కనబడదు. ‘పారాసెటమాల్ సిరప్ 4 ఎంఎల్’ అని మాత్రమే ఉంటుంది, ఎంత బలమో రాయరు. ఇదేం చిన్న విషయం కాదు. 14 కిలోల బిడ్డకు కిలోకు 15 మిల్లీగ్రాముల లెక్కన ఒక మోతాదు 210 మిల్లీగ్రాములు. 5 మిల్లీలీటర్లకు 250 మిల్లీగ్రాములు ఉన్న సిరప్ అయితే 4.2 మిల్లీలీటర్లు చాలు. అదే 120 ఉన్నదైతే 8.75 మిల్లీలీటర్లు పోయాలి. చుక్కల సీసాలో ఒక్క మిల్లీలీటరుకే 100 ఉంటుంది, అందులోంచి 2.1 చాలు. చీటీలో ఉన్న ‘4 ఎంఎల్’ను 120 సిరప్‌తో పోస్తే జ్వరం దిగదు, చుక్కల సీసాతో పోస్తే మోతాదు దాదాపు రెట్టింపు. ఊరెళ్ళాక కొన్న సీసా కింది షాపులో ఇచ్చిందే అయి ఉండాలని లేదు. కౌంటరు దగ్గరే నిలబడి బిడ్డ బరువు, సిరప్ బలం రెండూ చీటీ మీద రాయించుకోండి. ఆరు గంటల ఎడం, రోజుకు నాలుగు మోతాదులు మించొద్దు.

టాన్సిల్స్ తీసేయాలా వద్దా అన్నది వాపు సైజు చూసి తేల్చరు, అది సబబే. గొంతు నొప్పి ఎన్నిసార్లు వచ్చిందన్న లెక్క ఇలా ఉంటుంది: ఒకే ఏడాదిలో ఏడు సార్లు, లేదా వరసగా రెండేళ్ళు ఏటా అయిదు, లేదా మూడేళ్ళు ఏటా మూడు. అదీ ఒట్టి గొంతు గరగర కాదు, జ్వరం, మెడ గడ్డలు, టాన్సిల్ మీద చీము లాంటివి ఉన్నవి. ‘అప్పుడప్పుడు వస్తుంటాది సార్’ అంటే లెక్కలోకి రాదు. తేదీలు రాసుకుని వెళితే మాట చెల్లుతుంది. నిద్రలో ఊపిరి ఆగే బిడ్డకు ఈ లెక్క వర్తించదు, వాళ్ళకు ముందే చేస్తారు. సర్జరీ క్లినిక్‌లో జరగదు, వేరే నర్సింగ్ హోంలో చేస్తారు. అక్కడ పిల్లలకు మత్తిచ్చే అనుభవం ఉన్న డాక్టరు ఉన్నారా, మూడేళ్ళలోపు బిడ్డయితే ఆ రాత్రి అక్కడే ఉంచుతారా అని అడగాలి. ఎన్టీఆర్ వైద్య సేవ, అదే జనం నోట్లో ఇంకా ఆరోగ్యశ్రీ, ఏ ఆసుపత్రిలో ఏ సర్జరీకి వర్తిస్తుందో తేదీ ఖాయం కాకముందే కనుక్కోండి. ఖాయమయ్యాక అడిగితే అందరూ తల గోక్కుంటారు.

సర్జరీ రోజు ఉదయం అన్నం, పాలు ఆరు గంటల ముందు ఆపాలి, తల్లిపాలు నాలుగు గంటల ముందు, మంచినీళ్ళు రెండు గంటల ముందు. ‘బిడ్డ ఆకలికి ఏడుస్తోంది’ అని అవ్వ చాటుగా బిస్కెట్ పెడితే సర్జరీ ఆ రోజుకు లేనట్టే, ఎందుకంటే మత్తులో ఆ బిస్కెట్ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే కాగితం ఇంగ్లీషులో ఉంది, ఇది పెద్ద లోపం. అందులో అసలు విషయాలు ఇవి: గొంతులో రెండు పక్కలా తెల్లటి పొర కడుతుంది, అది చీము కాదు, పుండు మానే తీరు. గీకొద్దు. చెవి నొప్పి అంటాడు, చెవిలో ఏమీ ఉండదు, ఆ నొప్పి గొంతుదే. నొప్పి మందు అడిగినప్పుడు కాకుండా వేళకు పోస్తూ పోవాలి, నొప్పికి మింగడం మానేస్తే నీళ్ళు తగ్గి పుండు ఎండి ఇంకా నొప్పెడుతుంది. ఆస్పిరిన్, కోడీన్ ఉన్నవి ఇవ్వకూడదు. చల్లారిన రాగి జావ, పెరుగన్నం, మెత్తటి ఇడ్లీ, ఐస్‌క్రీం అన్నీ సరే. మురుకులు, కారాలు మానిపించాలి.

నెత్తురు పడే ప్రమాదం మొదటి 24 గంటల్లో ఒకసారి, మళ్ళీ అయిదో రోజు నుంచి పదో రోజు మధ్య ఇంకోసారి ఉంటుంది. రెండోది మోసం చేస్తుంది, బిడ్డ బాగా ఆడుకుంటున్నాడని ఊరికి తీసుకెళ్ళాక వస్తుంది. భాకరాపేట ఘాట్ అవతలి పల్లెలకు వెళ్ళేవాళ్ళు రెండు వారాలు తిరుపతిలోనో చుట్టాలింట్లోనో ఉండటం మంచిదని ఈ డాక్టరు ముఖం మీదే చెబుతారు. చెంచాడు నెత్తురు ఉమ్మినా, వాంతిలో నల్లగా పడినా, నిద్రలో మాటిమాటికీ గుటకలు వేస్తున్నా 108కి ఫోన్ చెయ్యాల్సిందే, పొద్దున చూద్దాం అనుకోవద్దు.

పసిపిల్లలకు నీళ్ళు పోసే సంగతి ఒకటి ఉంది. నలుగు పెట్టి నీళ్ళు పోశాక చెవిలో, ముక్కులో నూనె వదలడం మన ఇళ్ళలో ఇంకా పోలేదు. ముక్కులో వేసిన నూనె దగ్గు కూడా తెప్పించకుండా జారి ఊపిరితిత్తుల్లో చేరి, మందులకు లొంగని న్యుమోనియా తెస్తుంది. డాక్టరు తల్లిని తిట్టరు, వెంట వచ్చిన పెద్దావిడ వైపు తిరిగి ‘అవ్వా, ఒంటికి ఎంతైనా పట్టించు, మాడుకు పెట్టు, ముక్కు చెవి మాత్రం వదిలెయ్’ అంటారు. పని అయ్యేది అలాగే. కోడలికి చెప్పి పంపితే ఇంట్లో ఆ మాట గడప దాటదు.

పుట్టిన పిల్లల వినికిడి పరీక్ష ఓఏఈ ఇక్కడ చేస్తారు. నెలలోపు పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు చికిత్స మొదలవ్వాలన్నది పద్ధతి. మొదటి రోజుల్లో చెవిలో పుట్టుక మడ్డి ఉండి ఫెయిల్ రావొచ్చు, భయపడక్కర్లేదు, కానీ రెండోసారికి రాకుండా మాత్రం ఉండొద్దు. రెండోసారీ ఫెయిలయితే శబ్దం చెవి నుంచి మెదడుకు చేరుతోందో లేదో చూసే బెరా పరీక్షకు పెద్దాసుపత్రికి పంపుతారు. బెరాకు బిడ్డ గాఢంగా నిద్రపోవాలి, కాబట్టి దారిలో బస్సులో నిద్రపోనివ్వకుండా, అక్కడికెళ్ళాక పాలిచ్చి పడుకోబెట్టాలి.

చివరగా ఆ శనక్కాయ గింజ. మన జిల్లాల్లో వేరుశనగ లేని ఇల్లుండదు, నాలుగైదేళ్ళలోపు పిల్లలకు గింజలుగా పెట్టకూడదు. గింజ ఊపిరి గొట్టంలోకి పోతే ఒక్కసారిగా ఉక్కిరిబిక్కిరై దగ్గి, తర్వాత నిమ్మళిస్తాడు. ‘పోయింది లే’ అనుకుంటారు, అది కిందికి జారి ఒక ఊపిరితిత్తి దారి మూసేస్తుంది. ఎక్స్‌రేలో గింజ కనబడదు, ఫిల్ము బాగుందని ఊరుకోవద్దు, ఒక పక్కే పిల్లికూత వినిపించడం గుర్తు. మత్తిచ్చి గొట్టం దింపి తీయాలి, ఆ సామాను ఈ క్లినిక్‌లో లేదు. నేరుగా పిల్లల బ్రాంకోస్కోపీ ఉన్న పెద్దాసుపత్రికి పోవాలి, ఇక్కడ టోకెను తీసుకుని కూర్చుంటే కాలం పోతుంది. బిడ్డ దగ్గలేక, ఏడవలేక నీలబడుతుంటే అక్కడికక్కడే వీపు మీద అయిదు దెబ్బలు వేయాలి. ఏడాది దాటినవాడికి ఆ వెంటనే పొట్ట మీద అయిదు నొక్కులు, పసివాడికి ఎద మీద అయిదు. కనబడని దాని కోసం నోట్లో వేలు పెట్టి తడమకూడదు.

బొమ్మల బటన్ బ్యాటరీ ముక్కులోనో చెవిలోనో పెట్టుకుంటే అదీ గంటల మీద పని. రెండు గంటల్లోనే కండ కాలడం మొదలవుతుంది, చుక్కలు వేస్తే ఇంకా పాడవుతుంది. పగటి పూట అయితే ఇక్కడ కూడా తీస్తారు, బ్యాటరీ అని చెబితే టోకెను లేకుండానే లోపలికి పిలుస్తారు. చెవిలో బతికున్న పురుగు దూరితే నూనె చుక్కలు వేసి చంపాకే తీయించాలి. చింతగింజ, బఠానీ అయితే నీళ్ళు పోయొద్దు, ఉబ్బి బిగుసుకుంటుంది. ఒక్క ముక్కు నుంచే కంపు కొట్టే చీమిడి వారాలుగా కారుతుంటే అది రొంప కాదు, లోపల ఏదో ఉందనే లెక్క.

క్లినిక్‌కు వెళ్ళేటప్పుడు పాత చీటీలు, సీసాలు, ఆ రాత్రి వీడియో, జ్వరాల తేదీలు పట్టుకెళ్ళండి. టింపనోమెట్రీ చీటీలు థర్మల్ కాగితం మీద వస్తాయి, ఎండకు, చెమటకు నెలల్లోనే అచ్చు చెరిగిపోతుంది. ఇల్లు చేరగానే ఫోన్‌లో ఫోటో తీసి, కుడి చెవిదో ఎడమ చెవిదో, తేదీ ఏదో రాసి దాచండి. మూడో నెల చీటీని పక్కన పెట్టి చూసేది దాన్నే.